వంద ఐస్ పుల్లల ప్యాకెట్, ఒక పాత డబ్బా: ఎనిమిదో తరగతిలో ఏడాది వాడాక నా రివ్యూ

ముందు ఏం కొన్నానో చెప్తా. అమలాపురం గడియార స్తంభం సెంటర్ దగ్గర ఒక స్టేషనరీ షాపులో, పిల్లల క్రాఫ్ట్ సామాన్లు పెట్టే అరలో దొరికింది, అచ్చం పుల్లైసు పుల్లల్లాగే ఉంటాయి, ప్యాకెట్‌కి వంద, ఎనభై రూపాయలు తీసుకున్నారు, దాంతోపాటు ముప్పై పెట్టి ఒక నల్ల మార్కర్. డబ్బా ఇంట్లోదే, పాత బిస్కెట్ల డబ్బా, పొడుగ్గా ఉంటుంది, అందులో ఒక స్టీల్ గ్లాసు పట్టింది. మొత్తం ఖర్చు నూట పది. ఒక్కో పుల్ల మీద ఒక్కో పిల్ల పేరు రాసి, ప్రశ్న అడిగాక డబ్బాలోంచి ఒకటి తీసి, ఎవరి పేరు వస్తే వాళ్ళ చేత జవాబు చెప్పించడం, వీటి పని ఇంతే. ఇంత చిన్నదానికి రివ్యూ ఏంటండీ అనుకోవచ్చు, కానీ నేను రాజోలు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను, ఎనిమిదో తరగతిలో 36 మంది పిల్లలు, పదహారేళ్ళ సర్వీసులో చార్టులు కొన్నా, మోడల్స్ కొన్నా, ఇంకా ఏవేవో కొన్నా, నేను పాఠం చెప్పే తీరుని ఇంతగా మార్చిన వస్తువు మాత్రం ఇంకోటి లేదు.

అసలు ఎందుకు కొన్నానంటే, నిరుడు ఒక వారం పాటు క్లాస్ లీడర్ అమ్మాయికి ఒక నోట్‌బుక్ ఇచ్చి, నేను ప్రశ్న అడిగి ఎవరి చేత చెప్పిస్తే వాళ్ళ పేరు పక్కన టిక్కు పెట్టమన్నా. నేను అందర్నీ అడుగుతానని నాకు గట్టి నమ్మకం. శనివారం సాయంత్రం స్టాఫ్ రూంలో కూర్చుని ఆ పుస్తకం తెరిస్తే సగానికి పైగా టిక్కులు ఐదుగురి పేర్ల దగ్గరే ఉన్నాయి, ఆ ఐదుగురూ మొదటి రెండు బెంచీల వాళ్ళే, కొంతమంది పేర్ల పక్కన ఒక్క గీత కూడా లేదు, అందులో కిటికీ పక్క వరుస మొత్తం ఉంది. ఆ వరుసలో ఎవరు కూర్చుంటారో నేను కాసేపు ఆలోచించి గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది. అది నన్ను చాలా బాధపెట్టింది.

మా నాన్నగారిది శివారు భూమి. మా వైపు వాళ్ళకి ఈ మాట విడమర్చక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది, కాలవలు వచ్చాయి, డెల్టా అంతా పచ్చబడింది, నిజమే, కానీ దాళ్వాలో, అంటే రెండో పంటకి, గోదారి తగ్గినప్పుడు కాలవ మొదట్లో ఉన్న చేలకి నీళ్ళు పారతాయి, శివారు చేలు నెర్రెలు ఇస్తాయి, అందుకే వంతులు పెడతారు, వంతులవారీగా వదిలితే తప్ప చివరి చేనుకి చుక్క రాదు. మా నాన్నగారు రాత్రుళ్ళు టార్చిలైటు పట్టుకుని కాలవ గట్టు మీద వంతు కోసం కూర్చోవడం నేను చూశాను. అలాంటి ఇంట్లో పుట్టి నా క్లాసులో నేను వంతు పెట్టలేదు. మొదటి బెంచీ దగ్గరే నీళ్ళన్నీ అయిపోతున్నాయి.

సరే పుల్లల సంగతి. మొదట ఒక్కో పుల్ల మీద రోల్ నంబర్ రాశాను, తొందరగా అయిపోతుందని. రెండ్రోజులు "పంతొమ్మిది", "ముప్పై ఒకటి" అని పిలిచాక నాకే బాగోలేదు, పిల్లలు కూడా రేషన్ షాపు దగ్గర క్యూలో నించున్నట్టు లేచి నించుంటున్నారు. ఆ 36 పక్కన పెట్టేసి, మిగిలిన వాటిలో 36 తీసుకుని పేర్లు రాశా, ఇంటి దగ్గర ఏమని పిలుస్తారో అడిగి ఆ పేరే రాశా. మీరు కొంటే మొదటి రోజే పేర్లు రాయండి.

వాడే పద్ధతి గురించి ఒకటి గట్టిగా చెప్పాలి, ఇది తేడా కొడితే పుల్లలు కొని దండగ. ప్రశ్న ముందు అడగాలి, ఆగాలి, ఆ తర్వాతే పుల్ల తీయాలి. మొదటి వారం నేను తిరగేసి చేశా, ముందు పుల్ల తీసి, పేరు చదివి, అప్పుడు ప్రశ్న అడిగేదాన్ని, దాంతో ఏమైందంటే ఆ ఒక్క పేరు వినపడగానే మిగతా 35 మంది హమ్మయ్య అనుకుని పెన్నులు కింద పెట్టేశారు. ప్రశ్న ముందు వేస్తే పుల్ల బయటికి వచ్చేదాకా అది అందరి నెత్తి మీదా ఉంటుంది.

ఆ ఆగడం కూడా మనం అనుకున్నంత తేలిక కాదు. మేరీ బడ్ రో అని అమెరికాలో ఒకావిడ 1970ల్లో క్లాసులు రికార్డ్ చేసి గడియారం పెట్టి కొలిచారు, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది, అది మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, తెలీదు అనేవాళ్ళు తగ్గుతారు. నేను లోపల లెక్కపెట్టుకుంటా, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మొదట్లో ఆ ఐదు లెక్కపెట్టేలోపు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉండేది, ఎవరూ ఏమీ మాట్లాడకుండా ఫ్యాన్ చప్పుడు ఒక్కటే వినపడుతుంటే ఏదో ఒకటి చెప్పేయాలనిపిస్తుంది. ఇప్పుడు డబ్బా ఊపుతూ లెక్కపెడతా, గలగల చప్పుడు ఉంటుంది కాబట్టి నాకూ పిల్లలకీ ఇబ్బంది లేదు.

ఈ పుల్లల వల్ల నాకు జరిగిన అసలు మేలు ఘాతాంకాల పాఠంలో తెలిసింది. రెండు పవర్ సున్నా ఎంత అని అడిగా. పదహారేళ్ళుగా ఈ ప్రశ్న అడుగుతున్నా, ప్రతి ఏడాదీ ముందు బెంచీలోంచి ఎవరో "ఒకటండి" అంటారు, నేను "గుడ్" అని బోర్డు వైపు తిరుగుతా. ఈసారి పుల్ల వెనక బెంచీ అబ్బాయికి వచ్చింది, లేచాడు, కాసేపు చూశాడు, "సున్నానండి టీచర్" అన్నాడు. నవ్వులేమీ రాలేదు. రాకపోవడం చూసి నాకు అనుమానం వచ్చి, సున్నా అనుకున్నవాళ్ళు ఎంతమంది, భయం లేదు చెయ్యెత్తండి అన్నా. క్లాసులో సగానికి పైగా చేతులు లేచాయి. అంటే ఇన్నేళ్ళూ ఒక్కరి నోట్లోంచి సరైన జవాబు విని, మిగతా వాళ్ళందరికీ వచ్చేసిందనుకుని నేను ముందుకి పోతున్నాను. బోర్డు మీద 16, 8, 4, 2 అని రాసి, పవర్ ఒక్కోటి తగ్గేకొద్దీ ఏమవుతోందో చూడండి అని ఆగి మళ్ళీ డబ్బా ఊపా. నాలుగో బెంచీ అమ్మాయి పేరు వచ్చింది. "సగం సగం అవుతోందండి, రెండులో సగం ఒకటండి" అంది. మొదటి అబ్బాయి అక్కడే నించుని ఉన్నాడు, బోర్డు చూసి "ఆయ్, ఒకటేనండి" అని కూర్చున్నాడు. వాడు ఆ రోజు సున్నా అని చెప్పకపోతే నాకు ఈ సంగతి రిటైర్ అయ్యేదాకా తెలిసేది కాదు.

ఇంక తీసిన పుల్లని మళ్ళీ డబ్బాలో వేయాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న. తిరిగి వేసేస్తే అందరికీ సమానంగా వస్తుందిలే అని చాలామంది అనుకుంటారు. మా పిల్లలు కూడా అదే అన్నారు, 36 సార్లు తీస్తే తలో ఒకటి వస్తుందని. చేసి చూద్దాం అన్నా. బోర్డు మీద 36 పేర్లు రాసి, తీసి, టిక్కు పెట్టి, మళ్ళీ వేసి, ఊపి, అలా 36 సార్లు తీశాం, ఒక పిరియడ్ పట్టింది. చివరికి 12 పేర్ల పక్కన ఏమీ లేదు, ఒకమ్మాయికి నాలుగు టిక్కులు. పిల్లలు నోళ్ళు తెరిచారు. లెక్క కట్టినా అంతే వస్తుంది, ఒక్కో తీతలో ఒక పిల్లకి రాకుండా పోయే అవకాశం 36లో 35, దాన్ని 36 సార్లు హెచ్చిస్తే సుమారు 0.36, అంటే సగటున 13 మందికి ఒక్కసారీ రాదు. ప్రతి ఒక్కరికీ కనీసం ఒక్కసారి రావాలంటే సగటున 150 సార్లు తీయాలి. నేను రోజుకి తొమ్మిది ప్రశ్నలు పుల్లలతో అడుగుతా, అంటే ఆఖరి పిల్ల వంతుకి పదహారు పదిహేడు రోజులు పడుతుంది. శివారు చేను ఎండిపోతుంది ఈలోపు.

పోనీ తీసింది పక్కన పెట్టేస్తే నాలుగు రోజుల్లో అందరూ అయిపోతారు, కానీ పుల్ల వచ్చిన పిల్లాడు ఇంక నాలుగో రోజు దాకా నిశ్చింతగా ఉంటాడు. మా చిన్నప్పుడు దొంగాట ముందు దొంగ ఎవరో తేల్చడానికి పంటలేసుకునేవాళ్ళం కదా, పంటైపోయినవాడు ఎలా గెంతుకుంటూ పక్కకి పోయేవాడో అలాగే. స్టీల్ గ్లాసు ఎందుకో ఇప్పుడు చెప్తా. తీసిన పుల్లలు గ్లాసులో పడతాయి, మర్నాడు పొద్దున్న క్లాసు మొదలవ్వగానే కళ్ళు మూసుకుని గ్లాసులోంచి మూడు తీసి, పేర్లు చదవకుండా మళ్ళీ డబ్బాలో వేస్తా. ఏ మూడో నాకూ తెలీదు. ఇలా చేస్తే చుట్టు పూర్తవడానికి ఆరు రోజులు పడుతుంది, సరిగ్గా వారానికి ఒక చుట్టు, ఎవరికీ సెలవు ఇచ్చినట్టు ఉండదు. పాతికా ముప్పై మంది ఉన్న క్లాసుకి రెండు చాలేమో, మీ లెక్క మీరు చూసుకోండి.

పుల్లలు ఎవరు తీయాలి అన్నదాంట్లో కూడా నేను తప్పు చేసి నేర్చుకున్నా. మొదట్లో నేనే తీసేదాన్ని, "టీచర్ చూసి తీస్తున్నార్రా" అని గుసగుసలు. ఇది సోషల్ టీచర్ గారితో అంటే ఆవిడ ఉత్తరమేరూరు శాసనం సంగతి చెప్పారు, చోళుల కాలంలో, క్రీస్తు శకం 920 ప్రాంతంలో, ఊరి సభకి మనుషుల్ని ఎంచుకోవడానికి పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి ఒక చిన్నపిల్లాడి చేత తీయించేవాళ్ళట. వెయ్యేళ్ళ కిందటే ఈ అనుమానం ఉందన్నమాట. ఆ మర్నాటి నుంచి రోజుకొకరి చేత తీయిస్తున్నా. గుసగుసలు ఆగాయి. కానీ సెప్టెంబర్లో ఒక పుల్ల అదే పనిగా రావట్లేదని గమనించి బయటికి తీసి చూస్తే, మూల పంటితో కొరికి చిన్న నొక్కు పెట్టి ఉంది. వేలితో తడిమితే తెలిసిపోతుంది. స్నేహితులంతా ఆ నొక్కు తగిలితే వదిలేసి పక్కది తీస్తున్నారు. తిట్టలేదు. క్లాసు అయ్యాక ఆ పుల్ల మీద పేరున్న అబ్బాయిని పిలిచి అడిగితే, "అందరి ముందూ తప్పు చెప్తానేమోనండి" అని గోడ వైపు చూస్తూ అన్నాడు. పిలిచి కూర్చోబెట్టి మాట్లాడా, కొత్త పుల్ల ఇచ్చి వాడి పేరు వాడి చేతే రాయించా.

ఆ తర్వాతే ఒక రూల్ పెట్టా. పేరు వచ్చినవాళ్ళు "తర్వాత చెప్తానండి" అనొచ్చు, ఏం అనను, కానీ ఆ పుల్ల గ్లాసులోకి పోదు, డబ్బాలోనే ఉంటుంది, ఇంకో రోజు మళ్ళీ వస్తుంది. మొదట రోజుకి ముగ్గురు నలుగురు వాడుకునేవాళ్ళు, దసరా సెలవుల తర్వాత వారానికి ఒకరో ఇద్దరో. మాట తడబడే అబ్బాయి ఒకడున్నాడు, వాడు జవాబు పలక మీద రాసి చూపిస్తాడు, అది వాడూ నేనూ ముందే మాట్లాడుకున్నాం, క్లాసులో ఎవరికీ అది వింతగా లేదు. జవాబు తెలుగులో చెప్పినా ఇంగ్లీషులో చెప్పినా ఒకటే అని కూడా మొదటి రోజే చెప్పా, పుస్తకంలో ఎలాగూ రెండూ ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి, చాలామంది నోరు మెదపకపోవడానికి కారణం లెక్క రాక కాదు, భాష.

ఇబ్బంది పడింది ఎవరంటే ముందు బెంచీ పిల్లలు. ఒకమ్మాయి రెండు వారాలు మొహం మాడ్చుకుని కూర్చుంది, "నాకు వచ్చు కదండీ టీచర్, నన్నెందుకు అడగరు" అంది. వాళ్ళమ్మగారు కూడా బడికి వచ్చారు, "మా పిల్ల ఇదివరకు ఇంటికొచ్చి టీచర్ ఇది అడిగారు నేను చెప్పా అని చెప్పేదండి, ఇప్పుడేం చెప్పట్లేదు" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. బ్రిటన్‌లో డిలన్ విలియం అనే ఆయన 2010లో బీబీసీ వాళ్ళ ప్రోగ్రాం కోసం ఒక స్కూల్లో చేతులెత్తడం మాన్పించి ఇవే పుల్లలు వాడిస్తే అక్కడా బాగా చదివే పిల్లలకే కోపం వచ్చింది. నేను పూర్తిగా మాన్పించలేదు. పుల్ల వచ్చినవాళ్ళు చెప్పాక, దీనికి ఇంకో దారి ఎవరికైనా తెలుసా అని అడుగుతా, అప్పుడు చేతులెత్తొచ్చు. ఆ అమ్మాయి ఇప్పుడు జవాబు కాదు, రెండో పద్ధతి వెతుక్కుంటోంది, అది ఆమెకి ఇంకా కష్టమైన పని, ఇష్టంగానే చేస్తోంది. నేను అనుకోనిదేంటంటే ఫిబ్రవరికి ఆ చేతుల్లో వెనక బెంచీ చేతులు కూడా కనిపించాయి. అమెరికాలో కాలేజీ క్లాసుల మీద 2013లో అచ్చయిన ఒక స్టడీలో కూడా ఇదే తేలింది, పేరు పెట్టి అడగడం ఎక్కువున్న క్లాసుల్లో కొన్నాళ్ళకి తమంతట తాము చెప్పేవాళ్ళు కూడా పెరిగారు.

ఫోన్‌లో తిరిగే చక్రం యాప్‌లు ఉండగా ఈ పుల్లలెందుకు అని మా స్టాఫ్‌లో కుర్ర మాస్టారు అడిగారు. అదీ వాడి చూశా, క్లాసులో పెద్ద ప్యానెల్ ఉంది కదా, దాని మీద రంగుల చక్రం తిరుగుతుంటే పిల్లలకి తిరణాల్లో ఉన్నట్టే ఉంటుంది. అదే సమస్య. చక్రం ఆగేదాకా అరుపులు, ఆగాక చప్పట్లు, ప్రశ్న ఏంటో ఎవరికీ గుర్తుండదు. నేను వాడిన దాంట్లో మధ్యలో యాడ్ వచ్చేది, మధ్యాహ్నం కరెంటు పోతే అంతే. వచ్చిన పేరు మళ్ళీ రాకుండా తీసేసే ఆప్షన్ ఉంది, అది మంచిదే, శనివారం క్విజ్ పెట్టుకుంటే బాగుంటుంది. రోజూ పాఠం మధ్యలో మాత్రం పుల్లే నయం, రెండు సెకన్లలో అయిపోతుంది. కాయితం చీటీలు కూడా వేసి చూశా, విప్పడం మడవడం అయ్యేసరికి నలిగిపోయి నెలకే చిరిగిపోయాయి.

అందరికీ వచ్చిందా లేదా అని ఒక్కసారే తెలియాలంటే పుల్లలు పనికిరావు, దానికి పలకలే. అందరూ రాసి ఒకేసారి పైకెత్తాలి. ఎందుకు, ఎలా అని నోటితో చెప్పించాల్సిన చోట పుల్లలు. శిక్షలాగా, మాట్లాడుతున్నవాడి పేరు కావాలని తీసినట్టు మాత్రం ఎప్పుడూ వాడకండి, ఒక్కసారి అలా చేస్తే పిల్లలు ఇంక డబ్బాని నమ్మరు.

వస్తువులో లోపాలు చెప్పాలి కదా. వందలో ఏడెనిమిది వంకర, రెండు విరిగినవి. అంచులు కొన్ని పేళ్ళు లేచి ఉన్నాయి, గరుకు కాయితంతో రుద్దాల్సి వచ్చింది, లేకపోతే వేళ్ళలో గుచ్చుకుంటాయి. మన వైపు గాలిలో తడి ఎక్కువ, జులై ముసురులో నాలుగు రోజులు డబ్బా మూత పెట్టి ఉంచితే పుల్లల మీద బూజు పట్టింది, ఎండలో ఆరబెట్టి గుడ్డతో తుడిచా, అప్పట్నుంచి మూత పెట్టట్లేదు. మొదటి సెట్ స్కెచ్ పెన్‌తో రాశా, చేతి చెమటకే అలుక్కుపోయింది.

ఇంకోటి, రాని పిల్లల పుల్లలు. మా బడికి గోదారి మధ్య లంకల్లోంచి తొమ్మిది మంది పిల్లలు వస్తారు, గోదారి పెరిగి కాజ్‌వే మునిగితే ఐదారు రోజులు రాలేరు. వాళ్ళ పుల్లలు డబ్బాలో ఉంటే మాటిమాటికీ అవే వచ్చి, రాలేదు, రాలేదు అంటూ టైం పోతుంది. అందుకని హాజరు తీసుకునేటప్పుడే తీసేసి రబ్బర్ బ్యాండు వేసి గ్లాసు పక్కన పెడతా. వాళ్ళు తిరిగొచ్చిన రోజు మాత్రం వాళ్ళ పేర్లు డబ్బాలో కలపను, ఆ రోజు విననిస్తా, మర్నాడు కలుపుతా. వరదలో ఇల్లు సర్దుకుని వచ్చిన పిల్లని రాగానే నించోబెట్టి అడగడం నాకు మనసొప్పదు.

ఐదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర పేళ్ళకీ వంకర పుల్లలకీ తగ్గించా. మొన్న జూన్‌లో మళ్ళీ అమలాపురం వెళ్ళి తొమ్మిదో తరగతి కోసం ఇంకో ప్యాకెట్ తెచ్చా, ఈసారి తొంభై అన్నారు, కొట్లోనే విప్పి చూసి వంకరవి మార్పించుకున్నా, ఏమీ అనకుండా మార్చారు. మార్కర్ మాత్రం పర్మనెంట్ అని రాసి ఉన్నదే అడిగి తీసుకోండి.